పండక్కి ఆపిన మిషన్ మళ్లీ ఎందుకు లేవదు?

దసరా ముందురోజు సాయంత్రం దాకా ఆ సీఎన్‌సీ లేత్ రెండు షిఫ్టులూ నడిచింది. ఒక్క అలారం రాలేదు. మర్నాడు మిషన్లన్నీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి ఆయుధపూజ చేశారు. మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేసుకుని వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత వచ్చి స్విచ్ వేస్తే ప్యానెల్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ తెర నల్లగానే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, పిడుగు పడలేదు, ఎలుకలు వైర్లు కొరకలేదు. బాగా నడుస్తుండగా ఆపిన మిషన్, ఆగి ఉన్న రెండు రోజుల్లో ఎలా పాడైంది?

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా పాతికేళ్ల నాటి సీఎన్‌సీలు ఇంకా రోజూ జాబ్‌లు తీస్తున్నాయి. వాటిని నడిపేవాళ్లకి ఈ సమస్య కొత్తేమీ కాదు. సంక్రాంతి సెలవుల తర్వాత వస్తుంది, కరెంటు కోతల తర్వాత వస్తుంది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోనూ పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టారు. ఆపకుండా నడిపే మిషన్‌ని వారానికోసారి పూర్తిగా ఆపి మళ్లీ లేపాల్సి రావడం పాత సప్లైలకి కఠినమైన పరీక్ష.

అసలు సంగతేమిటంటే, ఆ మిషన్ సెలవుల్లో పాడవలేదు. ఎన్నో నెలలుగా పాడవుతూ వస్తోంది. నడుస్తున్నంత సేపూ ఆ లోపం బయటపడే అవకాశం లేదు. ఎందుకో అర్థం కావాలంటే కరెంటు వెంట మీటరు దగ్గర్నుంచి చిప్పు దాకా నడిచి వెళ్లాలి.

415 నుంచి 5 దాకా

మన ఫ్యాక్టరీలకి వచ్చే త్రీఫేజు కరెంటు ఏ రెండు ఫేజుల మధ్య కొలిచినా 415 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. మన దగ్గరున్న పాత సీఎన్‌సీల్లో చాలావాటికి జపాన్ కంట్రోలర్లు బిగించి ఉంటాయి. అక్కడ ఫ్యాక్టరీల త్రీఫేజు 200 వోల్టులు. అందుకే ఈ మిషన్ల వెనక ఇనప పెట్టెలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుని ఉంటుంది. 415ని 200కి దించడం దాని పని.

ఆ 200 రెండు దారులు పడుతుంది. పెద్ద దారి సర్వో, స్పిండిల్ డ్రైవ్‌లకి. అక్కడ ఏసీని డయోడ్లతో డీసీ చేసి పెద్ద కెపాసిటర్లలో నింపుతారు. ఆ డీసీ 280 వోల్టుల పైనే ఉంటుంది. చిన్న దారి కంట్రోలర్ పవర్ సప్లైకి. దాని నుంచి లాజిక్ చిప్పులకి 5 వోల్టులు, సర్వో సంకేతాల్ని చూసే అనలాగ్ భాగాలకి ప్లస్, మైనస్ 15 వోల్టులు, రిలేలకీ లిమిట్ స్విచ్‌లకీ సాలినాయిడ్ వాల్వ్‌లకీ 24 వోల్టులు వెళ్తాయి.

ఒక్కో మెట్టు దిగే కొద్దీ ఓర్పు తగ్గుతూ పోతుంది. 415 దగ్గర పాతిక వోల్టులు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. ఆ కాలపు 5 వోల్టుల చిప్పులకి మాత్రం 4.75 నుంచి 5.25 దాకానే అనుమతి, అంటే పావు వోల్టు. అది దాటితే చిప్పు కాలిపోదు గానీ లెక్క తప్పుతుంది, ఒకటిని సున్నాగా చదువుతుంది. లెక్క తప్పిన కంట్రోలర్‌ని నమ్మి స్పిండిల్ తిప్పడం ప్రమాదం కాబట్టి 5 వోల్టుల లైను మీద కాపలాగా ఒక చిన్న సర్క్యూట్ పెడతారు. వోల్టేజి 4.5, 4.6 దగ్గరికి జారిందంటే చాలు, అది మొత్తం కంట్రోలర్‌ని రీసెట్ చేసేస్తుంది.

చేద, తొట్టి

ఏసీని డీసీ చేసే డయోడ్ల నుంచి వచ్చేది నిలకడైన ధార కాదు. మన 50 హెర్ట్జ్ కరెంటులో సెకనుకి 100 సార్లు ఉబికి, 100 సార్లు సున్నాకి పడిపోయే దెబ్బలు అవి. బావిలోంచి చేదతో తోడి తొట్టిలో పోస్తుంటే, తొట్టి అడుగున కుళాయి నుంచి నీళ్లు ఆగకుండా వస్తాయి కదా. చేదకీ చేదకీ మధ్య ఖాళీని తొట్టిలో ఉన్న నీళ్లు భర్తీ చేస్తాయి. పవర్ సప్లైలో ఆ తొట్టి పని చేసేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్.

తొట్టి అడుగున మట్టి పూడుకుపోయిందనుకోండి. చేదతో పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నా నిలవ తగ్గుతుంది. రెండు చేదల మధ్యలోనే నీటిమట్టం కుళాయి కిందికి దిగుతుంది, ధార తెగుతుంది. కెపాసిటర్ ఎండినప్పుడూ అదే జరుగుతుంది. ఉదాహరణకి 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మీద 2 ఆంపియర్ల లోడు ఉంటే ఒక దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య వోల్టేజి సుమారు 2 వోల్టులు దిగుతుంది. ఆ కెపాసిటర్ సామర్థ్యం సగమైతే 4 వోల్టులు దిగుతుంది. ఈ ఎగుడుదిగుళ్లనే రిపుల్ అంటారు.

కెపాసిటర్ ఎందుకు ఎండుతుందో దాన్ని విప్పి చూస్తే తెలుస్తుంది. అల్యూమినియం డబ్బాలో రెండు అల్యూమినియం రేకులు చాపలా చుట్టి ఉంటాయి. మధ్యలో కాగితం, ఆ కాగితానికి పట్టించిన ద్రవం. ఒక రేకు మీద కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడ్ పొర ఉంటుంది. విద్యుత్తుని అడ్డుకుని నిలవ ఉంచేది ఆ పొరే. డబ్బా అడుగున రబ్బరు బిరడా ఎంత గట్టిగా బిగించినా, వేడికి ఆ ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరై బయటికి పోతుంటుంది. ద్రవం తగ్గితే నిలవ సామర్థ్యం తగ్గుతుంది, అంతకంటే ముందు కెపాసిటర్ లోపలి నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే కెపాసిటర్ తనంతట తానే వేడెక్కుతుంది. వేడెక్కితే ఇంకా త్వరగా ఎండుతుంది.

పాత మిషన్‌లో మొదట అరిగేది స్క్రూలో బేరింగులో అనుకుంటాం. కంట్రోలర్ వరకు చూస్తే, బ్యాటరీలూ ఫ్యాన్లూ పక్కన పెడితే, కాలంతో పాటు కచ్చితంగా అరిగే భాగం ఈ కెపాసిటరే. చిప్పులు, రెసిస్టర్లు ముప్పై ఏళ్ల తర్వాత కూడా చాలావరకు పుట్టినప్పటిలాగే ఉంటాయి.

బాక్స్: పది డిగ్రీల లెక్క

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షుకి ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, పెరిగితే సగం. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్‌ని తీసుకుందాం. ప్యానెల్ లోపల 45 డిగ్రీలుంటే నాలుగుసార్లు రెట్టింపై 32,000 గంటలు వస్తుంది. రోజుకి 16 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపే షాపులో అది ఆరున్నర ఏళ్ల పైమాటే. అదే ప్యానెల్ ఎండాకాలంలో ఫ్యాన్ ఆగిపోయి 55 డిగ్రీలకి చేరి అక్కడే ఉంటే 16,000 గంటలు, మూడేళ్ల కాస్త పైన. దాని బదులు 105 డిగ్రీలకి తయారైన 2,000 గంటల రకం వేస్తే, అదే 55 డిగ్రీల ప్యానెల్‌లో లెక్క ప్రకారం 64,000 గంటలు, అంటే పదమూడేళ్లు. ఒక్క ఫ్యాన్, ఒక్క కెపాసిటర్ రకం ఎంత తేడా తెస్తాయో ఈ అంకెలు చెబుతాయి.

నడవడానికి చాలింది, లేవడానికి చాలలేదు

ఇప్పుడు దసరా మిషన్ దగ్గరికి వద్దాం. కంట్రోలర్ సప్లై సాధారణంగా ఎస్‌ఎంపీఎస్ రకం. అందులో ఏసీని ముందే 280, 300 వోల్టుల డీసీ చేసి, ఒక ట్రాన్సిస్టర్‌తో సెకనుకి పదుల వేల సార్లు తెంపి కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతారు. ఆ ట్రాన్సిస్టర్‌ని ఆడించేది ఒక చిన్న కంట్రోల్ చిప్. ఆ కాలంలో బాగా వాడకంలో ఉన్న యూసీ3842నే తీసుకుంటే, అది లేవడానికి 16 వోల్టులు కావాలి. ఒకసారి లేచాక 10 వోల్టుల దాకా దిగినా నడుస్తుంది.

ఆ చిప్పుకి కరెంటు ఎవరిస్తారు? లేచాక సమస్య లేదు. అది నడిపే ట్రాన్స్‌ఫార్మర్ మీదే అదనంగా చుట్టిన కొద్దిపాటి చుట్ల నుంచి తన తిండి తాను తెచ్చుకుంటుంది. లేవక ముందు మాత్రం 300 వోల్టుల లైను నుంచి ఒక పెద్ద విలువ రెసిస్టర్ గుండా సన్నగా కారే కరెంటే దిక్కు. అది ఒక మిల్లీ ఆంపియర్‌కి అటూ ఇటూ ఉంటుంది. చిప్ నడవాలంటే పది మిల్లీ ఆంపియర్ల పైనే కావాలి. అందుకని ఆ సన్నటి కరెంటుని వేలిగోరంత చిన్న కెపాసిటర్‌లో కూడబెడతారు. 16 వోల్టులు కూడగానే చిప్ లేస్తుంది. తన సొంత చుట్ల నుంచి సరఫరా అందేదాకా, ఆ కొన్ని మిల్లీసెకన్లు, కెపాసిటర్‌లో కూడబెట్టిన దాని మీదే నడుస్తుంది.

ఆ చిన్న కెపాసిటర్ ఎండిపోతే? చిప్ లేస్తుంది, నిలవ చాలక వోల్టేజి 10 కిందికి పడిపోతుంది, చిప్ ఆగిపోతుంది. రెసిస్టర్ మళ్లీ నింపుతుంది, చిప్ మళ్లీ లేచి మళ్లీ పడుతుంది. సప్లై దగ్గర చెవి పెడితే టిక్కు టిక్కుమని వినిపించేది ఇదే. మిషన్ నడుస్తున్నప్పుడు మాత్రం ఆ కెపాసిటర్‌ని సెకనుకి పదుల వేల సార్లు నింపుతుంటారు కాబట్టి అందులో సామర్థ్యం పదోవంతు మిగిలినా పని జరిగిపోతుంది. ఆపనంత కాలం లోపం ఎవరికీ తెలియదు. ఆపిన రోజు తెలుస్తుంది.

ఇంకో ఆనవాలు ఉంది. కెపాసిటర్‌లోని ద్రవం చల్లగా ఉన్నప్పుడు కరెంటుని సరిగ్గా పారనివ్వదు. వెచ్చబడితే కాస్త మెరుగవుతుంది. డిసెంబరు ఉదయం షిఫ్టులో లేవని మిషన్ మధ్యాహ్నానికి లేచిందంటే కెపాసిటర్ల మీదే అనుమానం పెట్టుకోవచ్చు. అనుభవమున్న మెకానిక్‌లు సప్లై బోర్డు మీదికి జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడి గాలి ఊది మిషన్‌ని లేపడం ఇందుకే. అది వైద్యం కాదు, పరీక్ష. వేడికి లేస్తే ఏ బోర్డు మీద పని చెయ్యాలో తేలిపోయినట్టే.

పండగ తర్వాత తెర వెలిగి, వింత అలారాలు వస్తే మాత్రం కథ వేరు. మిషన్ పారామీటర్లు ఉండే మెమరీని కరెంటు లేనప్పుడు బ్యాటరీ కాపాడుతుంది. ఆ బ్యాటరీ అయిపోయి ఉంటే మిషన్ ఆన్‌లో ఉన్నంత సేపూ ఏమీ కాదు, ఆపగానే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఈ బ్యాటరీని మిషన్ ఆన్‌లో ఉండగానే మార్చాలి. చాలా పాత కంట్రోలర్లలో ఇవి టార్చిలైట్లో వేసే పెద్ద సెల్స్ మూడే.

అలారం ఒకచోట, కారణం ఇంకోచోట

పూర్తిగా చచ్చిన సప్లైని పట్టుకోవడం తేలిక. సగం చచ్చింది సతాయిస్తుంది. ఉదయం నుంచి బాగా నడిచే వీఎంసీ (వర్టికల్ మెషినింగ్ సెంటర్) టూల్ మార్చే వేళకే ఆగిపోతుంది. ఒకసారి సర్వో అలారం, ఇంకోసారి ఎన్‌కోడర్ తీగ తెగిందన్న అలారం, మరోసారి ఏదీ లేకుండా ఉన్నట్టుండి రీసెట్. సర్వీస్‌కి వచ్చినవాళ్లు సర్వో బోర్డు మార్చమంటారు, మార్చినా తగ్గదు. ఎన్‌కోడర్ మార్చమంటారు, అదీ అంతే. పాత బోర్డులు దొరకడం కష్టం, దొరికినా ఖరీదెక్కువ. చిన్న షెడ్డుకి అది రెండు మూడు నెలల ఆదాయం. పరీక్షించకుండా బోర్డులు మార్చుతూ పోయే ఈ అలవాటు మన దగ్గర ఎన్నో మంచి మిషన్లను తుక్కుకి పంపుతోందని నా గట్టి నమ్మకం.

టూల్ మార్చేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. రెండు మూడు సాలినాయిడ్లు ఒక్కసారే లాగుతాయి, రిలేలు పడతాయి, 24 వోల్టుల లైను మీద లోడు ఒక్కసారి ఎగబాకుతుంది. కెపాసిటర్లు బాగుంటే ఆ కుదుపు మింగేస్తాయి. లేకపోతే 24 ఒక్క క్షణం 19కో 18కో పడిపోతుంది. ఆ క్షణంలో ఏ భాగం ముందు తడబడితే దాని అలారం వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని అలారాలు మారి మారి వస్తుంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో ముందు చూడాలి. ఉమ్మడిగా ఉన్నది సప్లైయే.

ఇక్కడే మీటరు మోసం చేస్తుంది. మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి కొలిస్తే అది సగటు చూపిస్తుంది. 22కీ 26కీ మధ్య ఊగుతున్న లైనుని నిలకడగా 24 అంటుంది. లాజిక్ లైను దగ్గర ఇది మరీ ముఖ్యం. మీటరు 4.95 చూపిస్తోంది, బాగానే ఉందనుకుంటాం. అందులో అర వోల్టు రిపుల్ ఉంటే అడుగుభాగం 4.7కి తాకుతోంది, అంటే హద్దు దాటేసింది. ఆసిల్లోస్కోప్ ఉంటే ఇది ఒక్క చూపులో కనిపిస్తుంది. లేకపోతే అదే మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులకి మార్చి అవే రెండు చోట్ల కొలవాలి. మంచి డిజిటల్ మీటరు అయితే డీసీని అడ్డుకుని, ఊగుతున్న భాగాన్ని మాత్రమే చూపిస్తుంది. 5 వోల్టుల లైను మీద కొన్ని పదుల మిల్లీవోల్టులు మామూలే, వందల్లోకి వెళ్తే కెపాసిటర్లు అయిపోయినట్టు. ముల్లు తిరిగే చవక మీటర్లతో ఈ పరీక్ష చెయ్యకూడదు. వాటిలో చాలావాటికి డీసీని అడ్డుకునే ఏర్పాటు లేక తప్పుడు అంకె చూపిస్తాయి.

ఎక్కడ కొలుస్తామన్నది కూడా చూసుకోవాలి. సప్లై టెర్మినళ్ల దగ్గర 5.05 ఉండి, అడుగు దూరంలో మెయిన్ బోర్డు మీద 4.8 ఉంటే మధ్యలో కనెక్టర్ పిన్నులు నల్లబడ్డాయని అర్థం. కొన్నిసార్లు ఆ పిన్నులు శుభ్రం చేసి బిగిస్తే పని అయిపోతుంది. సప్లైలో ఉండే చిన్న స్క్రూ తిప్పి 5ని పెంచేయడం తాత్కాలికంగా పనిచేస్తుంది గానీ, ఆ పిన్ను ఇంకా వేడెక్కి చివరికి బోర్డుని కాలుస్తుంది.

గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టండి

సప్లైని విప్పే ముందు దానికి అందుతున్నది సరిగ్గా ఉందా అని చూడటం సగం పని. ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టించేది టెస్టర్. ఒక ఫేజు పోయినా, నడుస్తున్న త్రీఫేజు మోటారు పోయిన ఫేజు లైనులోకి తానే కొంత వోల్టేజి పుట్టిస్తుంది. టెస్టర్ వెలుగుతుంది. న్యూట్రల్‌కి కొలిస్తే మీటరు కూడా దాదాపు మామూలు అంకె చూపించవచ్చు. అందుకే ఆర్, వై, బీ ఫేజుల మధ్య ఒకదానికొకటి, మూడు జతలూ, మిషన్ లోడులో ఉండగా కొలవాలి. మూడింటికీ ఒకటి రెండు శాతానికి మించి తేడా ఉంటే మెయిన్ స్విచ్ దాకా వెనక్కి వెళ్లి చూడాలి. ఫేజుల మధ్య వోల్టేజి తేడా 1 శాతం ఉంటే మోటారు కరెంటులో తేడా 6 నుంచి 10 రెట్లు ఎక్కువ కనబడుతుంది.

స్విచ్ లోపల కాంటాక్టు కాలిందేమో తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. లోడు నడుస్తుండగా మీటరు రెండు కాళ్లనీ ఒకే ఫేజు ఇన్‌కమింగ్‌కీ అవుట్‌గోయింగ్‌కీ పెట్టాలి. కాంటాక్టు బాగుంటే కొన్ని పదుల మిల్లీవోల్టులు మించదు. అర వోల్టో వోల్టో చూపిస్తే అక్కడ వేడి పుడుతోంది. ఒక వదులు స్క్రూ దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉండి 30 ఆంపియర్లు పారితే పోయేది 3 వోల్టులే. కానీ ఆ స్క్రూ దగ్గర పుట్టే వేడి 90 వాట్లు. 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్లు మూడు, ఇంకా పైన కొంచెం, ఒక్క టెర్మినల్ మీద పెట్టినంత. పీవీసీ తొడుగు గోధుమరంగుకి తిరగడం, పట్టుకుంటే పెళుసుగా విరగడం దాని గుర్తులు.

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు కూడా చూడాలి. దాని మీద 380, 400, 415, 440 అని వేరువేరు బోల్టులుంటాయి. షెడ్డు మారినప్పుడో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడో ఎవరూ వీటిని పట్టించుకోరు. తీగ 380 మీద ఉండిపోయి, రాత్రి లోడు తగ్గి లైను 440కి ఎక్కిందనుకోండి, 200 రావాల్సిన చోట 232 వస్తుంది. ఇలాంటి కంట్రోలర్లకి సాధారణంగా 220 దాకానే అనుమతి. డ్రైవ్ లోపలి డీసీ 283 ఉండాల్సింది 328కి చేరుతుంది. దానికి తోడు వేగంగా తిరిగే స్పిండిల్‌ని ఆపినప్పుడు అందులోని శక్తి వెనక్కి డ్రైవ్‌లోకే వస్తుంది. రాత్రి షిఫ్టులో మాత్రమే, స్పిండిల్ ఆగే వేళ మాత్రమే ఓవర్‌వోల్టేజి అలారం వస్తోందంటే డ్రైవ్ కంటే ముందు ట్యాపు చూడటం న్యాయం.

స్టెబిలైజర్ ఉంది కదా అని ధీమా పడటానికి లేదు. సర్వో స్టెబిలైజర్ మోటారుతో నెమ్మదిగా తిరిగి సరిచేసుకుంటుంది. గంటల తరబడి ఉండే ఎక్కువ తక్కువలకి అది మంచి మందు. పక్క షెడ్డులో పెద్ద మోటారు వేసినప్పుడు వచ్చే పదోవంతు సెకను పడిపోవడాన్ని అది అందుకోలేదు. అలాంటి క్షణాన్ని దాటించాల్సింది సప్లై లోపలి కెపాసిటర్లే, అవి కొత్తగా ఉన్నా 20 మిల్లీసెకన్ల దాకా, అంటే కరెంటు ఒక్క చుట్టు తిరిగే సేపు మాత్రమే ఆపగలవు. ఇబ్బంది ఎక్కువగా ఉంటే కంట్రోలర్ చిన్న దారికి మాత్రం ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టుకోవచ్చు.

ఎర్తింగ్ ఎండాకాలంలో మోసం చేస్తుంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంత ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోతే నేల నిరోధం పెరుగుతుంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటుతుంటే గుంతలో నీళ్లు పోసి, బిగింపులు చూసి మళ్లీ కొలవాలి.

సప్లై మంచిదే, బయట నొక్కుతున్నారు

24 వోల్టుల లైను ప్యానెల్‌లోనే ఉండిపోదు. లిమిట్ స్విచ్‌లకీ, డోర్ స్విచ్‌కీ, ప్రాక్సిమిటీ సెన్సార్లకీ కూలెంట్ కారే చోట్ల గుండా మిషన్ అంతా తిరుగుతుంది. కేబుల్ తొడుగు ఎక్కడో చీలి, తీగ మిషన్ బాడీని తాకితే సప్లై తనని తాను కాపాడుకోవడానికి వోల్టేజి దించేసుకుంటుంది. కొత్త సప్లై కొని పెట్టినా అదే చేస్తుంది. కొన్నాక ఇది తెలియడం బాధాకరం.

తేల్చుకునే పద్ధతి సూటిగా ఉంటుంది. మిషన్ ఆపి, సప్లై నుంచి బయటికి వెళ్లే 24 వోల్టుల తీగలన్నీ గుర్తులు రాసి విప్పాలి. కొన్ని సప్లైలు లోడు లేకుండా సరిగా నడవవు కాబట్టి ఒక చిన్న 24 వోల్టుల బల్బు తగిలించి ఆన్ చేయాలి. 24 నిలబడితే సప్లై నిర్దోషి. ఇక తీగల్లో సగం కలిపి చూడాలి. పడిపోతే ఆ సగంలో ఉంది, లేకపోతే రెండో సగంలో. ఎనిమిది తీగలుంటే మూడుసార్లు కలిపేసరికి దొంగ దొరుకుతుంది. తర్వాత మిషన్ యాక్సిస్‌లని చేత్తో అటూ ఇటూ జరిపి చూడాలి. కేబుల్ వంగే ఒక చోట మాత్రమే షార్టయ్యే లోపాలు అలా బయటపడతాయి.

ఫ్యూజు పోతే అదే విలువది వెయ్యాలి. దొరకలేదని రాగి పోగు చుట్టడం మన షెడ్లలో ఇంకా ఉంది. పాతిక రూపాయల ఫ్యూజు కాలాల్సిన చోట బోర్డు మీది రాగి గీత కాలిపోతుంది. ఆ గీత లోపలి పొరలో ఉంటే బోర్డుకి మరమ్మతు ఉండదు.

బాక్స్: చెయ్యి పెట్టే ముందు

డ్రైవ్ కెపాసిటర్లలో 280 వోల్టుల పైన డీసీ నిలవ ఉంటుంది. మెయిన్ ఆపాక కూడా అది ప్రాణం తీయగలదు. డ్రైవ్ మీద ఎర్రటి ఛార్జి దీపం ఆరిపోయినా నమ్మకూడదు. దీపమే పాడై ఉండవచ్చు. కనీసం పది నిమిషాలు ఆగి, డీసీ టెర్మినళ్లని మీటరుతో కొలిచి, అది సున్నాకి దగ్గర పడ్డాకే ముట్టుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్‌కీ ఇదే నియమం. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఆ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో, క్యాట్ III రేటింగు ఉన్న మీటరుతో, పక్కన ఇంకో మనిషి ఉండగా జరగాలి. మిషన్ లేస్తున్నంత కాలంలోనే పారామీటర్లన్నీ కాపీ తీసి ఉంచుకోవాలి. ఆర్‌ఎస్-232 కేబుల్ లేకపోతే తెర మీద పేజీ పేజీ ఫోన్‌తో ఫొటో తీసినా చాలు.

మార్చాలా, బాగుచేయాలా

24 వోల్టులకి విడిగా సప్లై ఉండి, అదొక్కటే పోతే ఆలోచించక్కర్లేదు. అదే వోల్టేజికి, అంతకంటే కాస్త ఎక్కువ ఆంపియర్లకి ప్యానెల్‌లోని డిన్ రైల్ మీద బిగించే కొత్త సప్లై పెట్టేయవచ్చు. కంట్రోలర్ అసలు సప్లై విషయం అలా కాదు. అది 5, 15, 24 వోల్టుల్ని ఒక వరుసలో లేపుతుంది. అన్నీ సరిగ్గా వచ్చాయని మెయిన్ బోర్డుకి ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం లేకుండా బయట నుంచి 5 వోల్టులు ఇస్తే బోర్డు లేవదు, ఒక్కోసారి వరుస తప్పి దెబ్బతింటుంది కూడా. అలాంటి దాన్ని బాగుచేయించడమే మేలు. సాల్డరింగ్ తెలిసినవాళ్లకి అది ఒక పూట పని.

కెపాసిటర్ల పైభాగం ఉబ్బి ఉండటం, అడుగున గోధుమరంగు మరక, సాల్డరింగ్ చేస్తుంటే చేపల వాసన లాంటిది రావడం కారిపోయినదానికి గుర్తులు. 1990ల తొలినాళ్లలో బోర్డు మీదికి నేరుగా అతికించిన చిన్న అల్యూమినియం డబ్బాలు ఈ విషయంలో మరీ చెడ్డవి. వాటి ద్రవం కారి కింద రాగిని తినేస్తుంది. కారిన చోట శుభ్రం చెయ్యకుండా కొత్తది పెట్టకూడదు. చూడటానికి బాగున్నవి బాగున్నాయనీ కాదు. చాలావరకు ఉబ్బకుండా, కారకుండా నిశ్శబ్దంగా ఎండుతాయి. అందుకని ఒకటి రెండు కాకుండా ఆ బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చడం మంచిది. ముఖ్యంగా కంట్రోల్ చిప్ పక్కనున్న ఆ చిన్నది మర్చిపోకూడదు. మైక్రోఫారడ్లు అవే, వోల్టేజి పాతదానికి తగ్గకుండా, 105 డిగ్రీల రకం, లోపలి నిరోధం తక్కువ ఉన్నవి అడిగి తీసుకోవాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఇవి దొరుకుతాయి. ప్లస్, మైనస్ తిరగబెడితే కెపాసిటర్ పేలుతుంది, అందుకే విప్పే ముందే ఫొటో తీసుకోవాలి.

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మిషన్‌ని లేపుతున్నా, గోడౌన్‌లో ఉంచిన పాత డ్రైవ్‌ని బిగిస్తున్నా ఇంకో జాగ్రత్త ఉంది. వాడకం లేకపోతే కెపాసిటర్ లోపలి ఆక్సైడ్ పొర కొంత కరిగి పలుచబడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే ఆ పొర తట్టుకోదు. వేరియాక్‌తో తక్కువ వోల్టేజి దగ్గర మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా గంట రెండు గంటల మీద పెంచితే పొర తిరిగి పెరుగుతుంది.

ప్యానెల్ వేడిని తగ్గించడానికి తలుపు తీసి, ఎదురుగా పెడెస్టల్ ఫ్యాన్ పెట్టే షెడ్లు చాలా ఉన్నాయి. వేడి తగ్గుతుంది, నిజమే. దాంతో పాటు కూలెంట్ తుంపర, కాస్ట్ ఐరన్ పొడి బోర్డుల మీదికి చేరతాయి. ఆ పొడి కరెంటుని పారనిస్తుంది. ఫ్యాన్ మార్చి, ఫిల్టర్ గుడ్డ నెలకోసారి ఉతికి, తలుపు మూసి నడపడమే దీనికి దారి.

బాగుచేశాక సప్లైని లోడు మీద రెండు మూడు గంటలు నడిపి, మూడు నాలుగుసార్లు పూర్తిగా ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ వేసి చూడాలి. తర్వాత మెయిన్ బోర్డు దగ్గర 5, 15, 24 వోల్టులు, ఒక్కోదాని మీద ఏసీలో చూపిన రిపుల్, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు, బ్యాటరీ మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించాలి. ఏడాదికోసారి, వీలైతే దసరాకి ఓ పది రోజుల ముందు, అవే చోట్ల మళ్లీ కొలిచి కింద రాయాలి. 5 వోల్టుల లైను మీద నిరుడు 30 మిల్లీవోల్టులు ఉన్న రిపుల్ ఈసారి 120 చూపిస్తే, కెపాసిటర్లు తెప్పించి, ఆయుధపూజకి మిషన్ ఎలాగూ ఆగుతుంది కాబట్టి ఆ సెలవులోనే మార్చేయవచ్చు.